బొమ్మల రీకాల్: పెట్టె మీద పేరున్న కంపెనీదే భారం

అమ్మిన సరుకు ప్రమాదకరమని తేలితే కంపెనీ దాన్ని షాపుల నుంచి, ఇళ్ల నుంచి వెనక్కి తీసుకుంటుంది. దీన్నే రీకాల్ అంటారు. దీనివల్ల బొమ్మల కంపెనీకి ఎంత నష్టమో 2007లో అమెరికా సంస్థ మాటెల్‌కు తెలిసొచ్చింది.

ఆ ఏడాది ఆగస్టు 2న మాటెల్‌కు చెందిన ఫిషర్-ప్రైస్ దాదాపు 15 లక్షల బొమ్మలను రీకాల్ చేసింది. వాటిని చైనాలో కాంట్రాక్టు ఫ్యాక్టరీ తయారుచేసింది. రంగులో సీసం పరిమితికి మించి ఉంది. సీసం ఒంట్లోకి చేరితే పిల్లల మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. కొద్ది రోజులకే ఆ ఫ్యాక్టరీ యజమానుల్లో ఒకరు ఆత్మహత్య చేసుకున్నారు.

ఆగస్టు 14న మరో రీకాల్. ఈసారి 1.8 కోట్లకు పైగా బొమ్మలు. వీటిలోని చిన్న మాగ్నెట్లు ఊడిపోతున్నాయి. పిల్లలు రెండు మింగితే అవి కడుపులో అతుక్కుని పేగులకు రంధ్రం చేస్తాయి. ఇక్కడ తప్పు ఫ్యాక్టరీది కాదు, మాటెల్ డిజైన్‌దే. సెప్టెంబరులో కంపెనీ చైనాకు క్షమాపణ చెప్పింది.

ఖర్చు రవాణా, రీప్లేస్‌మెంట్లతో ఆగలేదు. 2008లో 39 రాష్ట్రాలతో 1.2 కోట్ల డాలర్ల సెటిల్‌మెంట్, 2009లో 23 లక్షల డాలర్ల జరిమానా. 2008లో వచ్చిన కొత్త చట్టంతో పిల్లల వస్తువులకు బయటి ల్యాబ్ టెస్టు తప్పనిసరైంది. ఏ తప్పూ చేయని చిన్న తయారీదారులకూ ఆ ఖర్చు తప్పలేదు.

మన దేశంలోనూ 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు ఐఎస్‌ఐ మార్కు తప్పనిసరి. పని బయటికి ఇచ్చే వ్యాపారి రంగు, డిజైన్ రెండూ ముందే చెక్ చేయించుకోవాలి. సరుకు ఎవరు తయారుచేసినా, కొన్నవాళ్లు అడిగేది పెట్టె మీదున్న పేరునే.