పత్తి, మిరప నేలల్లో పురుగుమందుల విధానం: వినుకొండ ప్రాంతం

వినుకొండ చుట్టుపక్కలా, పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలల్లోనూ పత్తి, మిరప పంటల మీద రసాయనాల వాడకాన్ని తగ్గించి, నేలనూ నీటినీ రాబోయే తరాలకు చెడకుండా అప్పగించేందుకు ప్రభుత్వాలు చేసిన చట్టాల, పథకాల చరిత్ర ఇది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడేదాకా వినుకొండ గుంటూరు జిల్లాలో ఉండేది. ఈ చరిత్రలో ప్రభుత్వం రెండు వైపులా కనిపిస్తుంది. మందును రైతుకు అలవాటు చేసిన విధానాలు దానివే, మాన్పించేందుకు పూనుకున్న విధానాలూ దానివే.

తెల్లదోమ దాకా

1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలారు. కుడి కాలువ పల్నాడు మీదుగా ప్రకాశం వైపు సాగింది. వరికి నీళ్లు చాలని చోట ఆరుతడి పంటలుగా పత్తి, మిరప విస్తరించాయి. జొన్న, సజ్జ, కంది కలిపి వేసే మెట్ట చేలు ఒక్క పంటకే మళ్లాయి. సంకర విత్తనం, బ్యాంకు రుణం, సబ్సిడీ ఎరువు, వాటి వెంటే పురుగుమందు వచ్చాయి.

1980ల మొదట్లో వచ్చిన సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు ముందు బ్రహ్మాండంగా పనిచేశాయి. ఆ నమ్మకంతోనే రైతులు ఒక్కో పంటకు ఇరవై సార్లకు పైగా కొట్టిన సందర్భాలున్నాయి. పురుగును తినే అక్షింతల పురుగులు, సాలీళ్లు, అల్లిక రెక్కల పురుగులు వాటితోపాటే చచ్చాయి. కాపలా పోయిన చేలో 1984 తర్వాత తెల్లదోమ విరుచుకుపడింది. 1987-88లో శనగపచ్చ పురుగు కాయల్ని తొలిచేసింది. సైపర్‌మెత్రిన్‌కు లొంగని శనగపచ్చ పురుగు మన దేశంలో మొదట బయటపడింది కోస్తా ఆంధ్ర పత్తి చేలలోనే. మందు షాపులో అరువు పెరిగింది, దిగుబడి రాలేదు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కలచివేశాయి.

ఐక్యరాజ్యసమితికి బ్రంట్‌లాండ్ కమిషన్ నివేదిక అందిందీ 1987లోనే. రాబోయే తరాల అవసరాలకు గండి కొట్టకుండా ఇప్పటి అవసరాలు తీర్చుకోవాలని అది చెప్పింది. ఆ సూత్రాన్ని ఉల్లంఘిస్తే ఏమవుతుందో ఇక్కడి రైతులు అదే ఏడు అనుభవించారు.

నిషేధాలు

కేంద్రం 1985లోనే సమగ్ర సస్యరక్షణను తన విధానంగా ప్రకటించింది. తర్వాత వ్యవసాయ శాఖ ‘పొలంబడి’ పేరుతో చేలగట్ల మీదే శిక్షణ ఇచ్చింది. 2002లో అనుమతి పొందిన బీటీ పత్తి వల్ల కాయతొలిచే పురుగుకు కొట్టే మందు కొన్నేళ్లు తగ్గింది. ఆ తర్వాత రసం పీల్చే పురుగులు, గులాబీ రంగు పురుగు ఆ ఊరటను మింగేశాయి. నిషేధాలు మరీ నెమ్మదిగా వచ్చాయి. ఎండోసల్ఫాన్‌ను సుప్రీంకోర్టు 2011 మేలో ఆపించింది. ఫోరేట్, ట్రయజోఫాస్ 2020 చివరికి గానీ పోలేదు. ఒక సీసాను నిషేధించేసరికి దాని చోటులోకి మరో సీసా వచ్చి కూర్చుంది. దుకాణానికి బదులు రైతు ఎవరి మాట వినాలన్న ప్రశ్నకు ఈ చట్టాల్లో జవాబు లేదు.

పునుకుల చూపిన దారి

జవాబు అప్పటి ఖమ్మం జిల్లా పాల్వంచ మండలం పునుకుల నుంచి వచ్చింది. గుంటూరు వైపు నుంచి వలస వెళ్లిన రైతులే ఆ ఊరికి పత్తినీ, దాంతో మందునూ తీసుకెళ్లారు. 1999 తర్వాత సెక్యూర్ అనే స్వచ్ఛంద సంస్థ అక్కడ వేపగింజల కషాయం, ఎర పంటలుగా ఆముదం, బంతి, జిగురు పూసిన పసుపు అట్టలు పరిచయం చేసింది. మొదట కొద్దిమంది రైతులే ముందుకొచ్చారు. డ్వాక్రా సంఘాల మహిళలు పట్టుబట్టాక ఊరంతా మారింది. మందు కొట్టి స్పృహతప్పిన మగవాళ్లకు సేవ చేసిందీ, అప్పు తీర్చడానికి కూలికెళ్లిందీ ఆ ఆడవాళ్లే కాబట్టి వాళ్ల మాటకు బలమొచ్చింది. పురుగుమందు వాడని ఊరిగా పునుకుల 2003 ప్రాంతంలో పేరు తెచ్చుకుంది.

గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్), హైదరాబాదులోని సుస్థిర వ్యవసాయ కేంద్రంతో కలిసి ఈ మందులేని సాగును 2004-05లో ప్రభుత్వ కార్యక్రమంగా మలిచింది. మహిళా సంఘాల సమాఖ్యల ద్వారా నడవడం దీని ప్రత్యేకత. 2009లో ప్రపంచ బ్యాంకు ప్రచురించిన అధ్యయనం ప్రకారం నాలుగేళ్లలో 3 లక్షలకు పైగా రైతులు, 13.6 లక్షల ఎకరాలు ఇందులోకి వచ్చాయి.

ప్రకృతి సేద్యం

రాష్ట్ర విభజన ఏడాదే, 2014లో, రైతు సాధికార సంస్థ ఏర్పడింది. విశ్రాంత ఐఏఎస్ అధికారి టి. విజయకుమార్ నాయకత్వంలో, ఈ సాగు ప్రచారకుడు సుభాష్ పాలేకర్ శిక్షణ శిబిరాల ఊపుతో ప్రకృతి వ్యవసాయం విస్తరించింది. పద్ధతి ఖరీదైనది కాదు. ఎకరాకు 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల ఆవు పేడ, ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గుప్పెడు గట్టుమన్ను కలిపి రెండు రోజులు పులియబెడితే జీవామృతం. కాయతొలిచే పురుగుకు వాడే అగ్ని అస్త్రంలో వేపాకు, పొగాకు, వెల్లుల్లితోపాటు పచ్చిమిర్చి నూరి వేసి, ఆవు మూత్రంలో నాలుగు పొంగులు వచ్చేదాకా కాస్తారు. వినుకొండ రైతుకు ఇందులో కొనాల్సింది తక్కువ, చాకిరీ మాత్రం ఎక్కువ. పథకాల కరపత్రాలు ఈ రెండో సంగతిని పైపైన దాటేస్తాయి.

2018 జూన్‌లో ప్రభుత్వం 2024కల్లా 60 లక్షల రైతులను చేరుస్తామంది. అది జరగలేదు. జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ 2019లో ఈ పద్ధతికి శాస్త్రీయ ఆధారం చాలదని అభ్యంతరం చెప్పింది. దిగుబడుల మీద ఆ వాదన న్యాయమైనదే, పొలాల్లో కొలిచి జవాబివ్వాల్సినదే. అయినా కార్యక్రమం ఆగలేదు. 2024లో గుల్బెంకియన్ పురస్కారంలో దీనికి భాగం దక్కేనాటికి పది లక్షల మందికి పైగా చిన్న రైతులు అందులో ఉన్నారు. 2021లో శ్రీలంక రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా ఆపి, ఆరు నెలలకే వెనక్కి తగ్గింది. ఆంధ్రప్రదేశ్ మాత్రం అలా ఎవరి చేతి సంచీ లాక్కోలేదు. పక్క చేలో పండించిన రైతునే శిక్షకుడిగా పెట్టింది. ఈ విధానం నిలవడానికి అదే అసలు కారణం.

నల్ల తామర పురుగు

2021-22లో మిరప మీద పడిన నల్ల తామర పురుగు పూతలోనే కాపురం పెట్టి పూలను రాల్చేసింది. భయంతో రైతులు రోజు మార్చి రోజు మందులు కలిపి కొట్టారు. విచ్చలవిడి పిచికారీ మిత్రపురుగుల్ని చంపి ముప్పు పెంచుతుందనీ, నీలి జిగురు అట్టలు పెట్టి, చుట్టూ జొన్న, మొక్కజొన్న కంచె పంటగా వేయమనీ శాస్త్రవేత్తలు చెప్పారు. 1980లలో తెల్లదోమ నేర్పిన పాఠమే ఇది.

ఈ విధానాలు సరిగా అందనిది కౌలు రైతుకు. పత్తి, మిరప నేలల్లో పెద్ద భాగం కౌలు మీదే సాగవుతుంది. కౌలు సాగుదారుల కోసం రాష్ట్రం 2019లో చేసిన చట్టం కింద ఇచ్చే హక్కు పత్రం గడువు 11 నెలలు, దానికి యజమాని సంతకం కావాలి. ప్రకృతి సేద్యంలో భాగమైన ఘన జీవామృతం, నవధాన్యాల సాగు, నేల మీద ఆచ్ఛాదన ఫలితమిచ్చేందుకు కొన్నేళ్లు పడుతుంది. వచ్చే ఏడు ఆ చేను తనదో కాదో తెలియని కౌలుదారు ఆ పంటకాలానికి సరిపడే మందు మాత్రమే కొనగలడు. కౌలు గడువు పెంచే చట్టం వస్తే తప్ప ఈ లోటు తీరదు.