క్షతగాత్రుని తొలి గడియలు

యుద్ధముల చరిత్రను వ్రాసినవారు సేనానుల వ్యూహములను, కోటల ముట్టడులను, సంధిపత్రములను సవిస్తరముగా వర్ణించిరి. నేలకొరిగిన సైనికుని ఎవరు లేవనెత్తిరి, ఎంతసేపటికి లేవనెత్తిరి, దేనిపై మోసికొనిపోయిరి అను ప్రశ్నలకు ఆ గ్రంథములలో లభించు చోటు స్వల్పము. అయినను, గాయమునకును వైద్యుని హస్తమునకును నడుమ నుండు ఆ కొద్ది కాలమునకు తనదైన చరిత్ర యొకటి కలదు. అది రణభూమిలో మొదలై నేడు మన ఊరి రహదారి వఱకు వచ్చినది.

1792వ సంవత్సరమున ఫ్రెంచి విప్లవసేన రైను నదీప్రాంతమున పోరాడుచుండగా, డొమినిక్ జాన్ లారే అను యువ శస్త్రవైద్యుడు అందు పనిచేయుచుండెను. నాటి నిబంధనల ప్రకారము వైద్య శకటములు సేనకు ఒక లీగు దూరమున, అనగా దాదాపు నాలుగు కిలోమీటర్లు వెనుకగా, నిలిచియుండవలెను. పోరు ముగిసిన పిమ్మటనే అవి కదలవలెను. ఈలోగా గాయపడినవారు ఒక పగలు, ఒక రాత్రి, ఒక్కొక్కప్పుడు అంతకు మించి పడినచోటనే పడియుండెడివారు. రక్తము కోల్పోయి అనేకులు అక్కడనే ప్రాణములు విడిచెడివారు. అదే సేనలో గుఱ్ఱములు లాగు తేలిక ఫిరంగులు ఒక చోటి నుండి మఱియొక చోటికి వడివడిగా పరువులెత్తుట లారే చూచెను. చంపుటకు అక్కరకు వచ్చిన వేగము బ్రతికించుటకు ఏల రాకూడదు?

ఈ ఆలోచన నుండి పుట్టినదే 'ఎగురు ఆంబులెన్సు'. రెండు గుఱ్ఱములు లాగు తేలిక బండి. కుదుపు తగ్గించుటకు స్ప్రింగులు. లోపల ఇద్దరు పండుకొనుటకు చోటు. బండితోపాటు శస్త్రవైద్యుడును, కట్లు కట్టువారును పోరాటము జరుగుచుండగనే గాయపడినవాని చెంతకు పోయెడివారు. బండికన్న గొప్పది లారే నెలకొల్పిన ఇంకొక నియమము. ముందుగా ఎవరికి చికిత్స చేయవలెనన్న ప్రశ్నకు ఆతడు హోదాను ప్రమాణముగా తీసికొనలేదు. గాయపు తీవ్రతయే ప్రమాణము. సేనాపతికి చిన్న గాయమును, సామాన్య భటునకు పెద్ద గాయమును తగిలినచో భటునికే తొలి సేవ. నేడు పెద్ద ప్రమాదము జరిగినచోట వైద్యులు క్షతగాత్రులను తీవ్రతను బట్టి వేఱుచేయు పద్ధతికి మూలములు ఇక్కడ కనిపించును.

అయితే ఒకచోట నేర్చిన పాఠము మఱియొకచోట వెంటనే అమలులోనికి రాదు. 1859 జూన్ 24న ఇటలీలోని సోల్ఫెరినో వద్ద జరిగిన యుద్ధానంతరము వేలకొలది క్షతగాత్రులు దిక్కులేక పడియుండుట, పనిమీద ఆ దారిన వచ్చిన హెన్రీ డ్యూనా అను జెనీవా వర్తకుని కంటబడెను. సమీపమున నున్న కాస్తిల్యోనె పట్టణపు స్త్రీలతో కలసి, ఏ పక్షమువారని విచారింపక ఆతడు పరిచర్య చేసెను. 1862లో ఆతడు వెలువరించిన గ్రంథము ఫలితముగా 1863లో రెడ్‌క్రాస్ సంఘమునకు అంకురార్పణము జరిగెను; 1864లో తొలి జెనీవా ఒడంబడిక కుదిరెను. దాదాపు అదే కాలమున, 1862లో, అమెరికా అంతర్యుద్ధమునందు జొనాథన్ లెటర్‌మన్ అను సైనిక వైద్యుడు ఆంబులెన్సుల కొఱకు ప్రత్యేక దళమునే నిర్మించెను.

ఈ చరిత్రలో భారతీయులకును స్థానము కలదు. 1899లో దక్షిణాఫ్రికాయందు ఆంగ్లేయులకును బోయర్లకును యుద్ధము రాగా, గాంధీమహాత్ముడు నేటాలులో భారతీయ ఆంబులెన్సు దళమును కూర్చెను. అందు దాదాపు 1,100 మంది ఉండిరి. వారిలో ఇంచుమించు 300 మంది స్వతంత్రులు. తక్కినవారందఱును ఒప్పందపు కూలీలు. 1860 నుండి మద్రాసు రేవున ఓడలెక్కి నేటాలు చెఱకుతోటలకు పోయిన కూలీలలో తమిళులతోపాటు తెలుగువారును ఉండిరని మనము మఱవరాదు. మొదట ఈ దళమును గుండ్లు పడు చోటికి పంపమని మాట యిచ్చిరి గాని, స్పియన్‌కాప్ యుద్ధమున ఆ హద్దు చెఱిగిపోయెను. క్షతగాత్రులను డోలీలపై మోయుచు దినమునకు 20, 25 మైళ్లు నడచితిమని గాంధీజీ తన ఆత్మకథలో చెప్పియున్నారు. ఆఱు వారములకు దళమును విరమింపజేసిరి. యుద్ధపతకములు నాయకులకు లభించినవి. మోసిన భుజములకు లభింపలేదు. క్షతగాత్రుని మోయువాడు కేవలము కూలివాడే యను భావము లోకమున ఎంత గట్టిగా నాటుకొనియుండెనో ఇందువలన తెలియును.

యుద్ధము నేర్పినదానిని నగరము నేర్చుకొనుటకు ఇంకను చాలకాలము పట్టెను. 1966లో అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తు ఒక నివేదికను ప్రకటించెను. అంతకు ముందటి యొక్క సంవత్సరముననే, అనగా 1965లో, ఆ దేశమున ప్రమాదములవలన 1,07,000 మంది మరణించిరని అది లెక్క తేల్చెను. అంతకన్న విస్మయము గొలుపు విషయ మొకటి అందు కలదు. ఆ దేశపు ఆంబులెన్సు సేవలో దాదాపు సగము శవసంస్కార వ్యాపారుల చేతిలో నుండెను! మనిషిని పండుకొనబెట్టి తీసికొనిపోగల పొడవైన బండి వారియొద్ద ఉండుటయే ఇందుకు కారణము. తీవ్రముగా గాయపడినవాడు నగరవీథిలోకన్న యుద్ధరంగమున నుండినచో బ్రతుకుటకు ఎక్కువ అవకాశము కలదని, కొరియా వియత్నాములనుండి తిరిగివచ్చిన నిపుణులు అభిప్రాయపడిరి.

ఆ సంవత్సరముననే ఉత్తర ఐర్లండులోని బెల్‌ఫాస్టు నగరమున ఫ్రాంక్ పాంట్రిడ్జి అను హృద్రోగ వైద్యుడు వేఱొక ప్రయోగమునకు పూనుకొనెను. గుండెపోటుతో మరణించువారిలో పెక్కుమంది ఆసుపత్రి చేరకమునుపే మరణించుచుండగా, ఆసుపత్రిలో ఎంత గొప్ప యంత్రమున్న నేమి ప్రయోజనము? కావున గుండెకు విద్యుదాఘాతమిచ్చి దాని లయను నిలువబెట్టు యంత్రమును, కారు బ్యాటరీలతో పనిచేయునట్లు మార్చి, ఆంబులెన్సులోనికి ఎక్కించెను. అది దాదాపు 70 కిలోల బరువు. 1967లో ఆతడును ఆతని సహచరుడు జాన్ గెడ్డిస్సును ప్రకటించిన లెక్క ప్రకారము 312 మంది రోగులలో ఒక్కరును దారిలో మరణింపలేదు.

అమెరికాలోని పిట్స్‌బర్గు నగరమున జరిగినది ఇంకను హృదయమునకు హత్తుకొనునది. నోటితో ఊపిరినిచ్చి ప్రాణము నిలుపు పద్ధతిని శాస్త్రీయముగా నిరూపించినవారిలో పీటర్ సఫార్ ముఖ్యుడు. 1966లో ఆతని చిన్నకూతురు ఉబ్బసముతో మరణించెను. ఆ మఱుసటి సంవత్సరమున ఆ నగరపు నల్లజాతివారి పేటలో 'ఫ్రీడమ్ హౌస్' ఆంబులెన్సు సేవ ఏర్పడగా, దాని శిక్షణభారమును సఫార్ వహించెను. ఉద్యోగములకు పనికిరారని లోకము త్రోసివేసిన నల్లజాతి యువకులను చేర్చుకొని, శ్వాసమార్గమును తెఱచుట, రక్తస్రావము నాపుట, గుండెను మరల నడిపించుట మున్నగు విద్యలను నేర్పిరి. వారు మోయువారు మాత్రమే కాక చికిత్స చేయువారైరి. 1975లో నగరపాలకులు తమ సొంత సేవను నెలకొల్పి దీనిని మూసివేసిరి. కాని ఆ సేవకు వైద్యాధికారిణిగా నుండిన నాన్సీ కారొలైన్ కూర్చిన పాఠ్యక్రమము దేశమంతట ఇట్టివారి శిక్షణకు ఆధారమయ్యెను.

ఇక పరిశోధన విషయము. గాయపడిన పిమ్మట మొదటి గంట 'స్వర్ణఘడియ' అను మాట బాల్టిమోరు శస్త్రవైద్యుడు ఆడమ్స్ కౌలీ వలన ప్రచారమున కెక్కినది. 2001లో ఇద్దరు పరిశోధకులు ఈ మాటకు మూలమైన లెక్కలేవని వెదకగా, అఱువది నిమిషములే హద్దని నిరూపించు గట్టి ఆధారము వారికి కనబడలేదు. అట్లని కాలమునకు విలువ లేదనుట పొరపాటు. ఆ విలువను కొలిచి చూపిన పరిశోధన తరువాత వచ్చినది.

రక్తపుగడ్డ కరగిపోకుండ కాపాడు ట్రనెక్సామిక్ ఆమ్లము అను మందును 1960 దశకమున జపానులో ఒకమోటో దంపతులు కనుగొనిరి. చాలకాలమునకు, 'క్రాష్-2' అను పేర 40 దేశములలోని 274 ఆసుపత్రులలో, 20,211 మంది క్షతగాత్రులపై దీనిని పరీక్షించిరి. మన దేశపు ఆసుపత్రులును ఇందు పాల్గొనినవి. సగముమందికి ఆ మందును, సగముమందికి మందులేని ద్రవమును ఇచ్చిరి. ఎవరికేది అందినదో వైద్యునికిని తెలియదు. 2010లో ఫలితము వెలువడెను. మందు అందనివారిలో నూటికి 16 మంది, అందినవారిలో నూటికి 14.5 మంది మరణించిరి. మఱుసటి సంవత్సరమున గంటలవారీగా విభజించి చూడగా అసలు సంగతి బయటపడెను. గంటలోపల ఇచ్చినచో రక్తస్రావ మరణములు నూటికి 7.7 నుండి 5.3కు తగ్గెను. మూడు గంటలు దాటిన పిదప ఇచ్చినచో మేలు కలుగకపోగా, 3.1 నుండి 4.4కు పెరిగెను. అదే మందు, అదే మోతాదు. తొలుత అమృతమైనది ఆలస్యమైనచో అపకారి యగుచున్నది!

తెలుగునేలపై ఈ చరిత్ర 2005 ఆగస్టు 15న క్రొత్త యధ్యాయమును తెఱచినది. నాడు హైదరాబాదులో మొదలైన 108 సేవ అనతికాలముననే పెక్కు రాష్ట్రములకు వ్యాపించెను. మూడంకెలు త్రిప్పిన చాలు, ధనికుడా పేదయా అని అడుగక బండి వచ్చుట లారే కన్న కలకు మన రూపము. అయినను 2022లో మన దేశపు రహదారులపై 1,68,491 మంది మరణించిరి. బండి వచ్చులోపల క్షతగాత్రుని చెంత ఉండువాడు దారిన పోవువాడే. చేయి వేసినచో పోలీసులు, సాక్ష్యములు, కోర్టులు తన మెడకు చుట్టుకొనునని ఆతడు దూరముగా నిలిచిపోవుట మనము చూచుచునే యున్నాము. ఈ భయమును తొలగించుటకే 2016లో సుప్రీంకోర్టు, సహాయకులను వేధింపరాదను మార్గదర్శకములకు శాసనబలము కల్పించెను. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించి, సద్బుద్ధితో ఆదుకొన్నవానిపై వ్యాజ్యము చెల్లదనియు, పేరు చెప్పుమని బలవంతపెట్టరాదనియు నిర్ణయించిరి.

చట్టము భయమును తీర్పగలదు గాని, చేయి చాపింపలేదు. శుభ్రమైన గుడ్డను గాయముపై నుంచి గట్టిగా అదిమి పట్టుట, 108కి తెలుపుట, మెడకు వెన్నుకు దెబ్బ తగిలినవానిని అనవసరముగా కదలింపకుండుట: ఇవి ఏ ఇంటివారైనను నేర్వదగిన పనులు. లారే బండి నుండి నేటి వాహనము వఱకు రెండు శతాబ్దములకు పైగా సాగిన ప్రయత్నమంతయు వైద్యుని క్షతగాత్రునికి దగ్గఱ చేయుటకే. ఆ దూరములో మిగిలిన చివరి పది అడుగులు మాత్రము దారిన పోవు మనము నడువవలసినవి.