స్వర్ణయుగం ఎవరిది? – బడ్జ్ బడ్జ్ తీరాన ఒక పరిశీలన

పాత పాటల ప్రస్తావన వచ్చినప్పుడల్లా "స్వర్ణయుగం" అన్న మాట అప్రయత్నంగా మన నోట వెలువడుతుంది. తెలుగువారికి ఆ యుగం 1950, 60 దశకాలు. ఘంటసాల గళం, సాలూరి రాజేశ్వరరావు బాణీ, దేవులపల్లి కృష్ణశాస్త్రి సాహిత్యం దానికి ఆనవాళ్ళు. వంగీయులు సైతం హేమంత ముఖర్జీ, సలిల్ చౌధురి వంటివారిని స్మరిస్తూ ఆ దశకాలనే తమ పాటకు స్వర్ణయుగమని పేర్కొంటారు. ఇది చారిత్రక సత్యమా, లేక జ్ఞాపకం కల్పించిన శోభయా? ఈ ప్రశ్నను చెన్నపట్టణపు స్టూడియోల నుండి గాక, కోల్‌కతాకు దక్షిణాన హుగ్లీ తీరంలోని బడ్జ్ బడ్జ్ నుండి పరిశీలించడం ఉచితంగా ఉంటుంది.

1914 సెప్టెంబరు 29న కొమగాట మారు నౌకలోని ప్రయాణికులపై జరిగిన కాల్పుల వల్ల ఈ పట్టణం చరిత్రకెక్కింది. అయితే దాని నిత్యజీవితాన్ని తీర్చిదిద్దినవి జూట్ మిల్లులు. పందొమ్మిదో శతాబ్దం చివరి నుండి హుగ్లీకి ఇరువైపులా ఉన్న ఈ మిల్లులకు బీహారు, ఒరిస్సాల నుండియేగాక గంజాం, విశాఖపట్టణం జిల్లాల నుండి కూడ శ్రామికులు తరలివచ్చారు. స్థానికులు "మద్రాసీలు" అని పిలిచిన వారిలో అత్యధికులు తెలుగువారు.

ఇదే మహానగరం భారతీయ గ్రామఫోను పరిశ్రమకు పుట్టినిల్లు. 1902లో గౌహర్ జాన్ గానం ఇక్కడే ముద్రితమైంది. 1908లో సియాల్దాలో రికార్డుల కర్మాగారం వెలసింది. 1928లో డమ్ డమ్‌లో మరింత పెద్దది ఏర్పడి, అనేక భాషల రికార్డులను దేశమంతటికీ అందించింది. తొలినాటి తెలుగు చిత్రాలలో ఒకటైన 1934 నాటి "లవకుశ" కలకత్తాలోనే ఈస్ట్ ఇండియా ఫిలిం కంపెనీ నిర్మాణంలో రూపొందింది. సాలూరు ప్రాంతంలో జన్మించిన రాజేశ్వరరావు కౌమారంలో ఈ నగరానికి వచ్చి, ఇక్కడి సంగీతాన్ని ఆకళించుకున్నారు. 1951లో విడుదలైన "మల్లీశ్వరి" పాటలలోని మార్దవానికి ఆ పరిచయం కూడ దోహదం చేసిందనడం అసంగతం కాదు. ఆయన పుట్టిన నేలకు సమీప గ్రామాల వారే మిల్లులలో నార వడికారు. ఒకే నగరం ఒకరికి సంగీతాన్ని, మరొకరికి కూలిని ఇచ్చింది.

ఆ దశకాల ప్రతిభను తక్కువ చేయడం ఈ వ్యాస ఉద్దేశం కాదు. పండితులైన కవులు పాట రాశారు; శాస్త్రీయ శిక్షణ పొందినవారు స్వరపరిచారు; గాయకులు, వాద్యబృందం కలిసి ఒకే చోట ఏకధాటిగా పాడి వాయించారు. ఆ కృషి నిజమైన బంగారమే. కాని ఆనాటి పెద్దలు దానిని బంగారంగా గుర్తించారా? 1952 నుండి 1962 వరకు కేంద్ర సమాచార ప్రసారశాఖ మంత్రిగా ఉన్న బి.వి. కేస్కర్ సినిమా పాట అభిరుచిని దిగజారుస్తున్నదని భావించారు. ఆకాశవాణిలో దానికి స్థానం తగ్గింది. శ్రోతలు రేడియో సిలోన్ వైపు మరలారు. తుదకు 1957 అక్టోబరు 3న వివిధభారతి ఆరంభమైంది. నేడు మనం స్వర్ణయుగమంటున్నది నాటి విజ్ఞులు కొందరికి క్షీణయుగంగా తోచిందన్న మాట!

విస్మరించరాని విషయం మరొకటి ఉంది. 78 వేగపు రికార్డు ఒక్కో వైపున పట్టేది సుమారు మూడు నిమిషాల పాట. రాత్రంతా సాగే తూర్పు భాగవతం, తప్పెటగుళ్ళు, జముకుల కథ ఆ కొలతకు ఒదిగేవి కావు. ఊరు విడిచిన ఉత్తరాంధ్ర శ్రామికునికి తోడు నిలవగలిగిన పాట అదే. లక్క పలకపై చోటు దొరకనిదీ అదే. మిగిలినదాన్ని మాత్రమే విని యుగాన్ని తూచడం, కోసిన పంటను చూసి అడవిని లెక్కించడం వంటిది.

పాట పతనమైందని పలువురు నిట్టూర్చిన 1980 దశకంలో చౌకగా లభించిన కాసెట్టు ఈ లోటును కొంత తీర్చింది. వంగపండు ప్రసాదరావు (1943–2020) వంటి వారి గళాన ఉత్తరాంధ్ర పలుకుబడి, శ్రామికుని వేదన ఊరూరా వినబడ్డాయి. ఒకరికి అస్తమయంగా కనిపించిన కాలం మరొకరికి తొలి వెలుగు.

కనుక స్వర్ణయుగం అబద్ధం కాదు, అది అసంపూర్ణం. వలస వచ్చిన తెలుగు కుటుంబాల కొత్త తరాలకు బెంగాలీ, హిందీలే బడిలోనూ బజారులోనూ భాషలు. అవ్వల నోట మిగిలిన పాట వారితోనే ముగిసిపోకముందే దానిని ముద్రించి భద్రపరచడం సాంస్కృతిక సంస్థల తక్షణ కర్తవ్యం. ఘంటసాల పాటకు రక్షణ కొరత లేదు. బడ్జ్ బడ్జ్ కూలీ లైన్ల పాటకే అది కావాలి.