వరంగల్‌లో బాల న్యాయ వ్యవస్థ

నేరారోపణకు గురైన 18 ఏళ్లలోపు పిల్లలను పెద్దల నుంచి వేరుచేసి విచారించి, తిరిగి ఇంటికి, బడికి చేర్చే ఏర్పాటే బాల న్యాయ వ్యవస్థ. వరంగల్ ప్రాంతంలో దీనికి చట్టపరమైన పునాది 1951 నాటి హైదరాబాద్ బాలల చట్టం. మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలకు అలాంటి చట్టం 1920లోనే వచ్చింది. నిజాం ఏలుబడిలో ఉన్న ఓరుగల్లు పిల్లలు మరో మూడు దశాబ్దాలు ఆగాల్సి వచ్చింది.

1986లో పార్లమెంటు చేసిన చట్టం 1987 అక్టోబరు 2న అమల్లోకి వచ్చి, రాష్ట్రాల చట్టాల స్థానంలో నిలిచింది. దాని ప్రకారం బాలురకు 16 ఏళ్లు, బాలికలకు 18 ఏళ్లు హద్దు. 2000 నాటి చట్టం ఇద్దరికీ 18 చేసింది. 2015 చట్టం మాత్రం 16 నిండినవారిపై ఘోర నేరారోపణ ఉంటే, ప్రాథమిక అంచనా తర్వాత వారిని పెద్దలుగా విచారించే వీలు కల్పించింది. ఇది 2016 జనవరి 15 నుంచి అమలవుతోంది.

పోలీసులు పట్టుకున్న పిల్లవాణ్ని లాకప్‌లో ఉంచకూడదు; ప్రయాణ సమయం మినహా 24 గంటల్లో జువైనల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఆ ఇద్దరిలో కనీసం ఒకరు మహిళ. ఇల్లు, చదువు, నేరానికి దారితీసిన పరిస్థితులను ప్రొబేషన్ అధికారి రెండు వారాల్లో నివేదించాలి. మొత్తం వ్యవస్థలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఆ నివేదికే. అది మొక్కుబడిగా తయారైతే బోర్డుకు కనిపించేది కేసే తప్ప పిల్లవాడు కాదు. ఇక కాజీపేట జంక్షన్‌లో ఒంటరిగా దిగే పిల్లల సంగతి వేరు. నేరంతో సంబంధం లేని వారిని బాలల సంక్షేమ సమితి చూస్తుంది.

ఉమ్మడి వరంగల్ జిల్లా 2016 అక్టోబరు 11న ప్రధానంగా ఐదు జిల్లాలైంది. 2019లో ములుగు ఆరోదిగా ఏర్పడింది. చట్టం ప్రకారం ప్రతి జిల్లాకూ బోర్డు ఉండాలి. విచారణ సమయంలో పిల్లలను ఉంచే పరిశీలనా గృహాన్ని మాత్రం కొన్ని జిల్లాలకు కలిపి నడపవచ్చు. వరంగల్‌లో బాలుర ప్రభుత్వ పరిశీలనా గృహం ఉంది. ములుగు జిల్లా ఏటూరునాగారం నుంచి వరంగల్ సుమారు వంద కిలోమీటర్లు. అక్కడి కూలి కుటుంబం బిడ్డను చూసిపోవాలంటే ఆ రోజు కూలి వదులుకోవాలి. తల్లిదండ్రుల రాకపోకలు తగ్గితే పునరావాసం అక్కడే దెబ్బతింటుంది.

రాష్ట్ర ప్రగతిని ఎన్ని హోములు కట్టారన్న లెక్కతో తేల్చడం సరికాదు. బోర్డులు, సమితులు, ప్రత్యేక పోలీసు యూనిట్ల పనితీరును ప్రభుత్వాలు స్వతంత్రంగా మదింపు చేయించే వీలు 2015 చట్టంలోని 55వ సెక్షన్ ఇచ్చింది. బోర్డుల్లో ఖాళీలు, పెండింగ్ కేసులపై సుప్రీంకోర్టు 2018లో సంపూర్ణ బెహురా కేసు తీర్పులో ఆందోళన తెలిపి, హైకోర్టులు తామే చొరవ తీసుకుని పర్యవేక్షించాలని కోరింది. చిన్న నేరాల విచారణ నాలుగు నెలల్లో ముగియాలి. గడువు పొడిగించినా తేలకపోతే దాన్ని మూసేయాలి.

హోం దాటాక ఏమవుతుందన్నదే అసలు కొలమానం. 18 నిండి హోం వదిలిన యువతకు అనంతర సంరక్షణ కింద 21 ఏళ్ల వరకు ఆర్థిక సాయం అందించవచ్చు. కేంద్ర పథకం మిషన్ వాత్సల్య దీన్ని నెలకు 4,000 రూపాయలుగా నిర్ణయించింది. చట్టం ప్రకారం పాత కేసు వారి ఉద్యోగానికి అనర్హత కాకూడదు. పెద్దలుగా విచారణ ఎదుర్కొని దోషులుగా తేలినవారికి ఈ రక్షణ లేదు.