పాలమూరు పద్యంలో ఇంగ్లీషు మాట

ఇంగ్లీషులో సూర్యుణ్ణి చెప్పే మాట, కొడుకును చెప్పే మాట చెవికి ఒక్కటే, కంటికి మాత్రం వేరు. వర్ణక్రమం విడదీసిన ఆ రెంటినీ ఉచ్చారణ కలుపుతుంది గనుక ఆ భాషలో మాటల చమత్కారం చాలావరకు ఈ చెవికీ కంటికీ మధ్య ఉన్న తగవు మీదే నడుస్తుంది. తెలుగు లిపిలోకి వచ్చేసరికి రెండూ ‘సన్’ అనే ఒకే రూపం తాల్చి ఆ తగవు అక్కడికక్కడే తీరిపోతుంది. పైగా ఇంగ్లీషువారు వేరువేరుగా పలికే రెండు వకారాలకు తెలుగులో ఉన్నది ఒకే అక్షరం కాబట్టి, ద్రాక్షతీగ, ద్రాక్షసారా రెండూ ‘వైన్’ అయి, ఇంగ్లీషులో లేని సామ్యం కూడా ఇక్కడ పుట్టుకొస్తుంది. ఇలాంటి మాటలు పాలమూరు నేలలోని అచ్చంపేట, కొల్లాపురం, వనపర్తి, గద్వాల ప్రాంతపు పద్యవిద్యలోకి ప్రవేశించినప్పుడు వాటికి ఎదురైనది అప్పటికే కొన్ని శతాబ్దాలుగా పదును తేలిన శ్లేష సంప్రదాయం.

శ్లేష అంటే ఒకే శబ్దరూపం రెండు లేదా అంతకంటె ఎక్కువ అర్థాలను మోయడం. పదాన్ని విరవకుండానే రెండో అర్థం వస్తే అభంగ శ్లేష, వేరొక చోట విరిస్తేనే వస్తే సభంగ శ్లేష అని ఆలంకారికులు విభజించారు. తాళపత్రాలలో మాటకూ మాటకూ నడుమ ఖాళీ వదిలే అలవాటు లేకపోవడం, సంధి వల్ల పదాలు ఒకదానిలో ఒకటి కలిసిపోవడం సభంగ శ్లేషకు అనువైన నేలను సిద్ధం చేశాయి. పదహారవ శతాబ్దంలో పింగళి సూరన రాఘవపాండవీయంలో రామాయణ భారత కథలను ఒకే పద్యాలలో నడిపితే, ఆ తరువాతి కాలంలో కృష్ణ ఒడ్డున ఉన్న జటప్రోలు సంస్థానంలో సురభి ప్రభువుల ఆదరణ పొందిన ఎలకూచి బాలసరస్వతి మరొక అడుగు ముందుకు వేసి, రామ కృష్ణ పాండవ కథలు మూడింటినీ ఒకే కావ్యంలో ఇమిడ్చి రాఘవయాదవపాండవీయం రచించాడు. వ్యాఖ్యానం తోడు లేనిదే కదలని ఇలాంటి కావ్యాలను ఎంతమంది ఇష్టంగా చదివి ఉంటారన్న సందేహం న్యాయమైనదే గాని, పదాన్ని ఎన్ని చోట్ల విరవవచ్చునో ఈ ప్రాంతపు చెవికి నేర్పినవి అవే.

ఈ నేర్పు గ్రంథం నుంచి సభకు దిగిన రూపమే అవధానం. జంట అవధానులైన తిరుపతి వేంకట కవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలను దర్శించి పద్యాలు చెప్పినవారే. ఆ రాజదర్శనాల పద్యాలు నానారాజసందర్శనము అనే గ్రంథంలో కనిపిస్తాయి. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు, అంటే ప్రశ్న వేసేవారు, అవధానిని పరీక్షిస్తారు. వారిలో దత్తపది అడిగే పృచ్ఛకుడు సాధారణంగా నాలుగు మాటలిచ్చి, వాటిని ఇమిడ్చి తాను చెప్పిన విషయం మీద పద్యం చెప్పమంటాడు. ఇచ్చే మాటలు ఏ భాషవైనా కావచ్చు. ఇంగ్లీషు మాట తెలుగు పద్యంలో ఇంగ్లీషు మాటగానే మిగిలిపోతే మాత్రం సభ మెచ్చదు.

ఉదాహరణకు ‘కారు’ ఇస్తే పని సులువు, ఎందుకంటే వానకారులోని కాలం, కారుమబ్బులోని నలుపు, ‘వారు పరాయివారు కారు’ అన్నప్పటి నిషేధం అనే మూడర్థాలు తెలుగులోనే సిద్ధంగా ఉన్నాయి. ఇది అభంగ మార్గం. ‘పెన్’ను పెన్నిధిలోను, ‘మనీ’ని మనీషిలోను, ‘సన్’ను సన్నుతిలోను దాచడానికి కొంచెం ఆలోచన కావాలి. అసలు పరీక్ష ‘రేడియో’ వంటి మాటతో వస్తుంది, ‘ఊరి దొరేడి? యోగి యేడి?’ అన్నట్లు ఒక ప్రశ్న చివర, మరొక ప్రశ్న మొదలు కలిసే చోట దానిని పట్టుకోవాలి. ఇక్కడ అవధాని చేస్తున్నది బాలసరస్వతి మూడు కథల కోసం చేసిన పనే, కాకపోతే గంటం చేతిలో లేదు, ఎదుట సభ ఉంది.

ఈ ప్రాంతానికి ఇంగ్లీషు ఆలస్యంగా వచ్చింది. 1897లో అచ్చయిన కన్యాశుల్కంలో గిరీశం ఇంగ్లీషు ముక్కలతో కోస్తా పాఠకులను నవ్విస్తున్న రోజుల్లో నిజాం ఏలుబడిలోని పాలమూరు కచేరీ భాష ఉర్దూ. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఉర్దూలోనే బోధించింది. కనుక ఇక్కడివారి నోట ముందు స్థిరపడ్డవి తహశీలు, జమాబందీ వంటి మాటలు. రాజ్యం మారిన 1948 తరువాతే ఇంగ్లీషు బడి ద్వారా, ఉద్యోగం ద్వారా ఊళ్లకు చేరింది. ఈ ఆలస్యాన్ని వెనుకబాటుగా లెక్కించడం తొందరపాటు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా, గద్వాల సమీపంలోని ఇటిక్యాలపాడు వారైన సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవుల వివరాలతో గోలకొండ కవుల సంచిక వెలువరించారు. పరభాషా పదాన్ని తెలుగులో కరిగించే విద్య ఈ నేలకు ఇంగ్లీషు కంటె ముందే తెలుసు.

లేనిదల్లా సభలో పుట్టినదాన్ని నమోదు చేసే అలవాటే. అచ్చంపేట పక్కనున్న బల్మూరు మండలం జినుకుంటలో 1928లో పుట్టి, పాలెం ఓరియంటల్ కళాశాలలో బోధించి, 2018లో కన్నుమూసిన కపిలవాయి లింగమూర్తి, పాలమూరు జిల్లా దేవాలయాలు వంటి గ్రంథాలతో ఊరూరి చరిత్రను పోగుచేశారు. సభలో ఆశువుగా పుట్టి సభతోనే పోయే దత్తపది పద్యాలకు కూడా అలాంటి సేకర్త కావాలి. పృచ్ఛకులుగా కూర్చున్నవారి ఇళ్లలో అవధాన పద్యాలు రాసుకున్న నోటుపుస్తకాలు ఉంటే, అవి చెదలపాలు కాకముందే నాగర్‌కర్నూలులోనో అచ్చంపేటలోనో గ్రంథాలయానికి ఒక ప్రతి చేర్చాలి.