పాడేవారి హక్కు, వినేవారి బాధ్యత: కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల వినోద కళల చరిత్రలో ఒక కోణం

ప్రవేశిక

2023 మార్చి 3న విడుదలైన 'బలగం' చలనచిత్రాన్ని తెలంగాణ పల్లెల్లో ఆరుబయట తెరలు కట్టి ఊరంతా కలిసి చూశారు. దర్శకుడు వేణు యెల్దండి సిరిసిల్ల ప్రాంతీయుడు. ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములు ఈ చిత్రం చూసి కలిసిపోయారని నిర్మల్ జిల్లా నుంచి పత్రికల్లో వార్తలు వచ్చాయి. వినోదం మనుషుల నడవడిని మారుస్తుందా అన్న పాత చర్చకు ఇది కొత్త ఉదాహరణ అయింది. అయితే ఆ చిత్రంలో ప్రేక్షకుణ్ని కదిలించిన పతాక సన్నివేశానికి మూలం చావు ఇంట బుడిగ జంగాలు పాడే పాట. చనిపోయిన మనిషి తరఫున గాయకులు అతని సంతానాన్ని నిలదీస్తారు. ఒక కుటుంబాన్ని అలా నిలదీసే అధికారం ఆ పాటకు ఎక్కడిది? పాట తెరమీదికి వచ్చినప్పుడు ఆ అధికారంతో పాటు ఇంకేం వచ్చింది, ఏం రాలేదు? ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల వినోద కళల చరిత్ర ఆధారంగా ఈ ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మిరాశి: పాటకు పునాది

1956లో బిరుదురాజు రామరాజు ఉస్మానియా విశ్వవిద్యాలయానికి సమర్పించిన జానపద గేయ సాహిత్య పరిశోధన తెలుగులో జానపద విజ్ఞానానికి దారి వేసింది. పాటలను సేకరించి వర్గీకరించే పద్ధతి అక్కడ స్థిరపడింది. తరువాతి పరిశోధకులు ఆశ్రిత కులాల వైపు దృష్టి సారించడంతో పాట వెనుకనున్న ఆర్థిక సంబంధం వెలుగులోకి వచ్చింది. ఒగ్గువారు గొల్ల, కురుమలకు మల్లన్న, బీరప్ప కథలు చెబుతారు. కూనపులివారు పద్మశాలీలకు పటం విప్పి మార్కండేయ కథ వినిపిస్తారు. కాకిపడగలవారు ముదిరాజులను, డక్కలివారు మాదిగలను ఆశ్రయించి జీవిస్తారు. సిరిసిల్ల వంటి చేనేత కేంద్రంలో కూనపులి కథకుడు కేవలం వినోదం పంచేవాడు కాడు. నేతగాడి కులానికి పుట్టుపూర్వోత్తరాలు చెప్పి, దాని గౌరవాన్ని తరతరానికీ గుర్తుచేసేవాడు.

ఈ సంబంధానికి మిరాశి అని పేరు. ఏ ఊళ్లు ఏ గాయక కుటుంబానికి చెందుతాయో ముందే నిర్ణయమై ఉంటుంది. అన్నదమ్ములు విడిపోయినప్పుడు ఇల్లూ పొలమూ లాగే మిరాశి ఊళ్లను కూడా పంచుకుంటారు. కథ చెప్పినందుకు దాతృకులం ఇచ్చే ధాన్యం, బట్ట, డబ్బు దయతో వేసిన భిక్ష కాదు. అది చెల్లించవలసిన త్యాగం. పాడటం గాయకుని విధి, అడగటం అతని హక్కు. వినటం దాత హక్కు, పెట్టటం అతని విధి. వినోదం విలువలను నేర్పగలిగింది ఈ పరస్పర బంధం వల్లనే. చావు ఇంటికి వచ్చిన బుడిగ జంగం ముక్కూమొహం తెలియని పరాయివాడు కాడు. ఆ ఇంటి పెద్దలను ఎరిగినవాడు, వారి చేతి గింజలు తిన్నవాడు. అందుకే అతను తండ్రి మాటగా పాడినప్పుడు కొడుకులు తల వంచి వింటారు.

గోండు సమాజంలో పరస్పరత

ఆదిలాబాద్ అడవుల్లో ఈ బంధానికి మరొక రూపం కనిపిస్తుంది. కుమ్రం భీము 1940లో జోడెఘాట్ వద్ద మరణించిన తరువాత నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతుల అధ్యయనాన్ని మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌కు అప్పగించింది. 1948లో వెలువడిన అతని గ్రంథం గోండులకూ వారి గాయకులైన పర్ధానులకూ గల వంశపారంపర్య సంబంధాన్ని వివరంగా నమోదు చేసింది. పర్ధానుల ఇంటి భాష మరాఠీ. అయినా కిక్రీ మీటుతూ గోండు వంశాల గాథలను గోండిలోనే గానం చేస్తారు. తమది కాని భాషలో తమ దాతల చరిత్రను కాపాడటం వారి వృత్తి. పెళ్లిలోనూ చావులోనూ వారి గానం లేనిదే కర్మకాండ పూర్తి కాదు; వారికి రావలసిన కానుక ఇవ్వనిదే దాత బాధ్యతా తీరదు.

దీపావళి వేళ జరిగే దండారి ఈ పరస్పరతను ఊరి స్థాయికి పెంచుతుంది. నెమలి ఈకల కిరీటం ధరించి, ఒంటికి విభూతి పూసుకున్న గుస్సాడీలు ఆ రోజుల్లో స్నానం మాని, నేలమీద పడుకుని దీక్ష పాటిస్తారు. ఒక ఊరి దండారి బృందం మరొక ఊరికి అతిథిగా వెళుతుంది. ఆతిథ్యమిచ్చిన ఊరికి బదులు తీర్చుకోవలసిన బాకీ ఈ ఊరి మీద మిగులుతుంది. ఆ రాకపోకల్లోనే పెళ్లి సంబంధాలు కలుస్తాయి. ఇక్కడ నాట్యం చూసేవారు, చేసేవారు అన్న విభజన స్థిరంగా ఉండదు. నేటి ప్రేక్షకులు రేపటి నర్తకులు. మార్లవాయికి చెందిన కనకరాజు గుస్సాడీని అనేక వేదికల మీద ప్రదర్శించి 2021లో పద్మశ్రీ పొందాడు. ఒక ఆదివాసీ కళకు అది సముచిత గౌరవం. కానీ వేదిక మీది గుస్సాడీకి చప్పట్లు దక్కుతాయి, బదులు రాక ఉండదు. చప్పట్లు కొట్టిన నగరానికి మార్లవాయి పట్ల ఏ బాకీ మిగలదు.

దాత మారిన కాలం: జగిత్యాల నుంచి ధూంధాం వరకు

మిరాశిని ఆదర్శంగా చూపడం చరిత్రకు న్యాయం కాదు. అది కుల నిచ్చెనలోని ఒక మెట్టు. గాయకుని హక్కు అతని తక్కువ స్థానానికి ముడిపడి ఉంది. డక్కలివారు మాదిగల కన్నా కింద నిలబడి అడగవలసిందే. ఈ సమస్యను సూటిగా ఎదుర్కొన్నది రాజకీయ పాట. 1972లో ఏర్పడిన జననాట్యమండలి, అందులో ప్రముఖుడైన గద్దర్, పల్లె కళారూపాలను, బాణీలను, గొంగడిని, గజ్జెలను స్వీకరించారు గాని ఆశ్రిత సంబంధాన్ని స్వీకరించలేదు. పాట ఒక కులం గొప్పను చెప్పడం మాని కూలి రేటును, వెట్టిని, దొర గడీని వస్తువుగా చేసుకుంది.

1978 సెప్టెంబర్ 7న జరిగిన జగిత్యాల జైత్రయాత్ర నాటికి ఈ మార్పు బలపడింది. ఆ పోరాటంలో రైతుకూలీలు ప్రయోగించిన ముఖ్య ఆయుధం దొరల సాంఘిక బహిష్కరణ. చాకలి, మంగలి వంటి సేవాకులాలు దొర ఇంటి పని మానివేశాయి. ఆ ఏడాదే ప్రభుత్వం జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. సేవాకులం పని నిరాకరించడమూ, ఆశ్రిత గాయకుని బాణీ దాతను వదిలి జనంలోకి నడవడమూ ఒకే చరిత్రకు రెండు ముఖాలు. బంధం మాత్రం తెగిపోలేదు, రూపం మార్చుకుంది. ఇక్కడ పాటకు చెల్లించవలసిన త్యాగం ధాన్యం కాదు, పాల్గొనడం. విన్నవాడు మరునాడు సంఘంలో నిలబడాలి. నిలబడకపోతే పాట బాకీ పడ్డట్టే.

2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం ఈ వారసత్వాన్ని ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలోకి తెచ్చింది. దాని రూపకర్తలలో ప్రధానుడైన రసమయి బాలకిషన్ 2014లో ఉమ్మడి కరీంనగర్ జిల్లా మానకొండూరు నుంచి శాసనసభకు ఎన్నికయ్యాడు. రాష్ట్రం ఏర్పడ్డాక తెలంగాణ సాంస్కృతిక సారథి ద్వారా కళాకారులకు ప్రభుత్వ వేతనం లభించింది. గాయకుని బతుకుకు అది భద్రత. అదే సమయంలో దాత స్థానంలో ప్రభుత్వం కూర్చుంది. ప్రజల తరఫున పాలకుణ్ని నిలదీసిన గొంతు పాలకుని పథకాలను ప్రచారం చేయవలసి వచ్చింది. పాట ఎవరిని నిలదీయగలదో పెట్టే చేయి నిర్ణయిస్తుందన్న సత్యం ఇక్కడ మరింత స్పష్టమవుతుంది.

తెర: అధికారం వచ్చింది, బంధం రాలేదు

ఈ నేపథ్యంలో 'బలగం'ను తిరిగి చూడవలసి ఉంది. కథలో కొమురయ్య మరణానంతరం పిట్టకు పెట్టిన ముద్దను కాకి ముట్టదు. నల్లిబొక్క దగ్గర మొదలైన పాత తగాదా అతని సంతానాన్ని విడదీసి ఉంచింది. పదకొండో రోజున గాయకుల పాటతో ఆ ముడి విడిపోతుంది. ఆ పాటను తెరమీద వినిపించిన కొమురమ్మ, మొగిలయ్య దంపతులు నటన నేర్చినవారు కారు. అది వారి వృత్తి. ప్రేక్షకుడు పాత్రల దుఃఖాన్ని చూసి మాత్రమే ఏడవలేదు. తన ఇంట జరిగిన దినాలను తలచుకున్నాడు. ఆ పాట ముందు తల వంచడం అతను ముందే నేర్చుకుని ఉన్నాడు. ఆ అలవాటును సినిమా సృష్టించలేదు, మేల్కొలిపింది.

ఆరుబయటి ఉచిత ప్రదర్శనలకు నిర్మాణ సంస్థ అభ్యంతరం తెలిపింది. హక్కుల చట్టం దృష్టిలో అది సమంజసమే. ఊరి దృష్టిలో మాత్రం దినాల పాట ఊరిది. దాన్ని కలిసి వినడానికి టికెట్టు అన్న ఆలోచన కొత్తది. ఇక్కడ రెండు హక్కులు ఎదురుపడ్డాయి: ఒకటి చిత్రం మీద నిర్మాతకున్న హక్కు, రెండోది ఉమ్మడి పాట మీద ఊరి హక్కు. మూడోదైన గాయకుని మిరాశి హక్కు ఈ చర్చలో ప్రస్తావనకే రాలేదు. చిత్రంతో పేరు పొందిన మొగిలయ్య దీర్ఘకాలపు అనారోగ్యంతో 2024 డిసెంబరులో మరణించాడు. అతని వైద్యానికి చిత్రబృందం, ప్రభుత్వం సహాయం అందించాయి. ఆ సహాయం మానవీయమైనదే, కాని అది దయ. మిరాశిలో అయితే అది చెల్లించవలసిన బాకీ.

ముగింపు

ఉత్తర తెలంగాణ చరిత్రలో వినోదం విలువలను రూపొందించినది నీతి బోధించి కాదు. పాడేవారికీ వినేవారికీ మధ్య బాకీని నిలిపి. మిరాశిలో ఆ బాకీ కులానిది, దండారిలో ఊరిది, జగిత్యాల పాటలో వర్గానిది. ప్రభుత్వ వేతనంలోనూ తెరమీదా ఆ లెక్క ఒకవైపే నడుస్తున్నది. తెర పాత బంధం కూడబెట్టిన నమ్మకాన్ని ఖర్చు చేస్తున్నది, తిరిగి జమ చేయడం లేదు. దినాలకు గాయకులను పిలిచే ఇళ్లు ఉన్నంతకాలం ఆ నమ్మకం నిండుతూనే ఉంటుంది. ఆ ఇళ్లు తగ్గిపోయిన తరంలో అదే పాట తెరమీద వినిపిస్తే అది మధురమైన గీతంగా మిగులుతుందే తప్ప అన్నదమ్ములను కలపలేదు. కనుక జానపద గేయ పరిశోధన పాట పాఠంతో పాటు, ఆ పాటకు ఎవరు ఏమి పెట్టారో, ఎవరు పెట్టడం మానివేశారో కూడా నమోదు చేయవలసి ఉంది. కులపు తక్కువతనాన్ని తొలగిస్తూనే గాయకుడు హక్కుగా అడగగలిగే కొత్త బంధాన్ని ఎలా నిర్మించాలన్న ప్రశ్నకు సమాధానం ఆ నమోదుల నుంచే రావాలి.