ఒండ్రు బంగారం
వాగులు, నదులు మోసుకొని వచ్చిన ఇసుక, గులకరాళ్ళలో చేరిన బంగారాన్ని ఒండ్రు బంగారం లేదా ప్లేసర్ బంగారం అంటారు. బంగారం సాపేక్ష సాంద్రత 19.3, ఇసుకలోని క్వార్ట్జ్ సాంద్రత సుమారు 2.65 మాత్రమే. అందువలన ప్రవాహవేగం తగ్గిన చోట బంగారం ముందుగా అడుగుకు చేరుతుంది. వాగు వంపులో లోపలి ఒడ్డు, బండరాళ్ళ దిగువ భాగం, అడుగురాతి పగుళ్ళు ఇందుకు ముఖ్య స్థానాలు.

కెనడాలోని యూకాన్ ప్రాంతంలో, బొనాంజా వాగు వద్ద 1896 ఆగస్టులో బంగారం బయటపడింది. అక్కడి నేల ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండడం వలన మంటలతో కరిగించి, అడుగురాయి తగిలే వరకు గోతులు త్రవ్వేవారు. వాగు అడుగునే నమ్ముకొన్నవారు కొండవాలును విడిచిపెట్టారు. 1897లో ఆ వాలు మీది గులకరాళ్ళ పొరలలోనూ బంగారం లభించింది. పూర్వం ప్రవాహం ఆ ఎత్తులోనే ఉండేది. కనుక నేటి వాగుతో పాటు దాని పాత మార్గాన్ని కూడా పరిశీలించవలసి ఉంటుంది.